అప్‌డేట్: మా వరిచేలో చావని ఊద

విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర మా వరిచేలో బిస్పైరిబాక్ సోడియం అనే కలుపుమందు కొట్టినా ఊద గడ్డి ఎందుకు చావడం లేదని ఖరీఫ్‌లో అడిగాను కదా. మందు నకిలీదేమో, నీళ్లు తీయకుండా కొట్టారేమో అన్నారు చాలామంది. ఒకరు మాత్రం కుండీల్లో పరీక్షించి చూడమన్నారు. ఆయనకు ఎంతో రుణపడి ఉంటాను.

బతికిన మొక్కల గింజలు, ఎప్పుడూ మందు పడని చెరువుగట్టు ఊద గింజలు వేరువేరుగా మొలిపించాం. మూడాకుల దశలో ఒకే డబ్బాలోని మందు, ఒకే మోతాదులో కొట్టాం. గట్టువి పసుపెక్కి మాడిపోయాయి. చేలోవి కాస్త పాలిపోయి, మళ్లీ పచ్చగా పిలకలు వేశాయి! అంటే మందు మంచిదే, మా ఊదే దాన్ని తట్టుకుంటోంది. ఏటా అదే మందు కొడితే ఇలాగే అవుతుంది. హర్యానా గోధుమచేలల్లో 1990ల మొదట్లో ఐసోప్రొట్యురాన్ అనే కలుపుమందుకి ఫలారిస్ గడ్డి ఇలాగే లొంగకుండా పోయింది.

బిస్పైరిబాక్ బదులు పెనాక్సులామ్ అనే మరో కలుపుమందు కొడదామనుకునేవారు ఆగండి. రెండూ దెబ్బతీసేది మొక్కలోని ఒకే ఎంజైమును. మేం ఈసారి వేరే తీరులో పనిచేసే మందులు వాడతాం: ఊడుపులైన వారంలోపే ప్రెటిలాక్లోర్ వేసి, మిగిలిన లేత ఊదపై సైహాలోఫాప్ బ్యుటైల్ కొడతాం. ఖరీఫ్‌లో బతికి వెన్ను తీసిన ఊదను మాత్రం గింజ రాలకముందే చేత్తో పీకించాం, కూలి ఎక్కువైనా సరే.