రెటీనాకు లేజర్ చేయించుకుని పదేళ్లు దాటినవారు ఉన్నారా?

షుగర్ వల్ల రెటీనా (కంటి వెనుక ఉండే, చూపునిచ్చే పొర) దెబ్బతిని మా నాన్నగారికి రెండు కళ్లకూ లేజర్ చేశారు. నడిమి చూపును కాపాడటానికి అంచుల్లోని రెటీనాను వందలాది చుక్కలుగా కాలుస్తారని, పక్కచూపు, రాత్రిచూపు కొంత తగ్గవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. పేపరు ఇప్పటికీ బాగానే చదువుతారు. కానీ చీకటి పడితే మెట్లు దిగడానికి జంకుతున్నారు. ఎండలోంచి ఇంట్లోకి వస్తే చాలాసేపు ఏమీ కనిపించదట.

మీకు ఈ ఇబ్బంది ఒక స్థాయిలో ఆగిందా, ఏటేటా పెరిగిందా? లేజర్ మచ్చలు కాలక్రమంలో వెడల్పవుతాయని చదివినప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది. మాక్యులా (నడిమి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం) వాపు వచ్చి కంట్లో ఇంజెక్షన్లు తీసుకోవలసి వచ్చిందా? లేజర్ తర్వాత శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారు ఉంటే ఆ అనుభవమూ చెప్పండి. కంట్లో తేనె వేయమనే సలహాలు మాత్రం వద్దు, అవి బంధువులు ఇప్పటికే చాలినన్ని ఇచ్చారు.