మా పై వాటా చిరునామాతో దొంగ సంస్థ: ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

పైవాటా_దిల్‌సుఖ్‌నగర్:
అందరికీ నమస్కారం. నిరుడు దసరా తర్వాత మా పై వాటాలో ఒకతను అద్దెకు దిగాడు. అద్దె ఏ నెలా ఆలస్యం కాలేదు, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. మొన్న జీఎస్టీ అధికారులు వచ్చి, మా డోరు నంబరుతో ఇనుప తుక్కు వ్యాపారం నమోదై ఉందనీ, సరుకు లేకుండానే బిల్లులు రాశారనీ చెప్పారు. అతని ఫోను పనిచేయడం లేదు. అధికారుల ఎదుటే తలుపు తీయిస్తే లోపల ఒక మడత బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. తలుపు పక్క గోడకు టేపు అంటించి పీకినచోట సున్నం పెచ్చులు లేచింది. సంస్థ పేరు, నంబరు రాసిన ఫ్లెక్సీని అక్కడ పెట్టి తీసిన ఫొటో అధికారి దగ్గర ఉంది. నమోదుకు జతచేసిన అద్దె ఒప్పందంలో ఉన్న సంతకం నాది కాదు. కరెంటు బిల్లు మాత్రం మాదే. గేటుకు గుచ్చి వెళ్తారు కాబట్టి ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు. ఇలాంటివాళ్లను ముందే ఎలా పసిగట్టాలి? ఇప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలి?

టూలెట్_మియాపూర్:
మీకు అద్దె అయినా వచ్చింది. మా అమ్మ ఖాతా ఊడ్చిపెట్టుకుపోయారు. ఇంటి ప్రకటన పెట్టిన గంటకే సైన్యంలో ఉన్నానంటూ ఒకడు ఫోను చేశాడు. హైదరాబాదుకు బదిలీ అయిందట, ఇల్లు చూడకుండానే నచ్చిందట. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు పంపాడు. అడ్వాన్సు మా లెక్కల విభాగం వేస్తుంది, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు! పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకా ఖాతాలు మారకముందే ఆపగలుగుతారు.

కూకట్‌పల్లి_పెద్దాయన:
ముప్పై ఏళ్లుగా ఇళ్లు అద్దెకిస్తున్నాను. నన్ను ఎవరూ మోసం చేయలేదు. కారణం చెబుతాను వినండి. సామాను దిగేటప్పుడు నేను గేటు దగ్గరే ఉంటాను. కాపురం చేసేవాడికి గ్యాస్ బండ, బియ్యం డబ్బా, బకెట్లు ఉంటాయి. అవి లేకుండా వచ్చాడంటే అడగాల్సిందే. ఆధార్ నకలు తీసుకుని ఊరుకోను, దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ సంస్థ యాప్‌తోనే స్కాన్ చేస్తాను. కార్డు మీద ఫొటో మార్చినా, ఆ కోడ్ లోపల ఉన్న వివరాలు మార్చలేరు. అంతకుముందు ఉన్న ఇంటికి స్వయంగా వెళ్లి వాకబు చేస్తాను. అన్నిటికంటే ముఖ్యం, పదకొండు నెలలకు మించి ఎవరికీ ఇవ్వకూడదు. పన్నెండేళ్లు ఉన్నాడంటే ఇల్లు వాడిదే.

వకీలు_వరంగల్:
పెద్దాయన గారూ, సామాను సంగతి బాగా చెప్పారు. పన్నెండేళ్ల మాట మాత్రం తప్పు. 1963 కాలపరిమితి చట్టంలో 65వ అధికరణం చెప్పే పన్నెండేళ్లు, యజమాని హక్కును కాదని బహిరంగంగా అనుభవిస్తున్నవారికి. అద్దెదారు మీ అనుమతితో దిగినవాడు. అతను లోపల ఉన్నంతకాలం మీ యాజమాన్యాన్ని కాదనడానికి వీల్లేదని సాక్ష్య చట్టమే చెబుతోంది, కొత్త సాక్ష్య అధినియమంలో అది 122వ సెక్షన్. పదకొండు నెలల సంప్రదాయానికి కారణం వేరు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలంలో ఉంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికి అలా రాసే అలవాటు వచ్చింది. మన దగ్గర మాత్రం 1999 సవరణ తర్వాత ఏ లీజు పత్రాన్నైనా రిజిస్టరు చేయాల్సిందే.

కూకట్‌పల్లి_పెద్దాయన:
పుస్తకాల మాట నాకు చెప్పకండి. విజయవాడలో మా బావమరిది ఇల్లు పోయింది. ఇరవై ఏళ్లు ఉన్నవాడు కోర్టుకెక్కాడు.

వకీలు_వరంగల్:
మీ బావమరిది గారు అద్దె రసీదులు ఇచ్చారా? అసలు అద్దె తీసుకున్నారా?

కూకట్‌పల్లి_పెద్దాయన:
బంధువు కదా అని తీసుకోలేదు.

వకీలు_వరంగల్:
అయితే అక్కడ అద్దెదారే లేడు. కాగితం లేదు, అద్దె లేదు, రసీదు లేదు. ఆ కేసు చూపించి ఇక్కడ ఇంతమందిని భయపెట్టడం అన్యాయం. ఈ భయంతోనే ఎంతోమంది మంచి కుటుంబాలను ఏడాది తిరగకముందే వెళ్లగొడుతున్నారు.

కూకట్‌పల్లి_పెద్దాయన:
ఇల్లు పోగొట్టుకున్నవాడి బాధ మీకేం తెలుస్తుంది? మీకు కేసు ఉంటే చాలు.

అద్దెఇంటి_అమ్మాయి:
అందరూ అద్దెకుండేవాళ్లను దొంగల్లా చూస్తున్నారు. మా ఓనరు రెండు నెలల అడ్వాన్సులో రంగుల ఖర్చంటూ సగానికి పైగా పట్టుకున్నారు. గోడకు ఒక్క మేకు కొట్టలేదు నేను. ఈ మోసాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

టూలెట్_మియాపూర్:
అమ్మా, ఇది ఓనర్ల కష్టాల చర్చ. మీరు వేరే చర్చ మొదలుపెట్టుకోండి.

అద్దెఇంటి_అమ్మాయి:
మోసం మోసమే. ఎవరు చేసినా ఇక్కడే అడుగుతాను.

డల్లాస్_నుంచి:
మా గచ్చిబౌలి ఫ్లాట్‌ను ఒక కుటుంబానికి ఇచ్చాం. వాళ్లు దానిని రోజువారీ బసకు తిప్పారు. రోజుకొక సూట్‌కేసు దిగుతోందని కింది ఇంటి ఆవిడ చెబితేనే తెలిసింది. మా అనుమతి లేకుండా ఇంకొకరికి ఇస్తే అద్దె నియంత్రణ చట్టం కింద ఖాళీ చేయించవచ్చట కదా?

వకీలు_వరంగల్:
1960 నాటి ఆ చట్టంలో అది ఉంది. కానీ నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టుకు వెళ్లాలి. నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు. కరెంటు తీసేయడం, తాళం మార్చడం చేయకండి, కేసు మీ మీదికే తిరుగుతుంది.

పైవాటా_దిల్‌సుఖ్‌నగర్:
నేను అడిగింది ఒకటి, మీరు కొట్లాడుకునేది ఇంకొకటి. నాకు నోటీసు వచ్చేలా ఉంది. దయచేసి ఎవరైనా జవాబు చెప్పండి.

పన్నులపని_గుంటూరు:
కంగారు పడకండి. అధికారి దగ్గర ఉన్న జీఎస్టీ నంబరు తీసుకోండి. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతకవచ్చు. నమోదు తేదీ, చిరునామా, అది కేంద్ర పరిధిలోనిదా రాష్ట్ర పరిధిలోనిదా, ఏ సర్కిల్ (అంటే ఏ పన్ను కార్యాలయం) అనేవి కనిపిస్తాయి. ఆ సర్కిల్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆస్తిపన్ను రసీదు, మీ అసలు ఒప్పందం, బ్యాంకులో మీ సంతకం నమూనా జత చేయండి. మోసంతో పొందిన నమోదును సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 29వ సెక్షన్ కింద మొదటి రోజు నుంచే రద్దు చేయవచ్చు. మీ దరఖాస్తు నకలు మీద స్టాంపు వేయించుకోవడం మరువకండి, రేపు మీరు ఇందులో భాగస్థులు కాదని చూపేది అదే.

వకీలు_వరంగల్:
పోలీసు ఫిర్యాదు వేరే ఇవ్వాలి. 2024 జూలై 1 తర్వాతి నేరం కాబట్టి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. ఫోర్జరీకి 336వ సెక్షన్, దొంగ పత్రాన్ని అసలుగా వాడినందుకు 340, మోసానికి 318. స్టేషన్‌లో తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత (కొత్త సీఆర్‌పీసీ) 173(4) సెక్షన్ కింద పై అధికారికి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి.

కూకట్‌పల్లి_పెద్దాయన:
ఓటరు జాబితా కూడా చూడండి. మీ ఇంటి నంబరు మీద అతని పేరు ఉంటే, దాన్ని తీసేయమని ఫారం 7 ఇవ్వండి.

పైవాటా_దిల్‌సుఖ్‌నగర్:
అందరికీ ధన్యవాదాలు. సోమవారం ఉదయమే సర్కిల్ కార్యాలయానికి వెళ్తున్నాను. పెద్దాయన గారూ, జాబితాలో అతని పేరు లేదు, ఇప్పుడే చూశాను.

అద్దెఇంటి_అమ్మాయి:
పన్నులపని గారూ, ఇంటద్దె మీద పన్ను మినహాయింపుకు, ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో ఓనరు పాన్ అడుగుతున్నారు. మా కొత్త ఓనరు ఇవ్వనంటున్నారు. నేనేం చేయాలి?