హెచ్‌సీ-12 మాడ్యూల్ తోట దాకా అందట్లేదు, పవర్ పెంచాలా?

తోట_మోటారు: బోరు మోటారును ఇంటి నుంచే ఆన్, ఆఫ్ చేద్దామని రెండు హెచ్‌సీ-12 మాడ్యూళ్లు (తీగ లేకుండా రేడియోతో సందేశం పంపే చిన్న బోర్డులు) తెచ్చా. ఇంట్లో ఏ గదిలో పెట్టినా బాగానే పనిచేస్తున్నాయి. ఒకటి తోటలో స్టార్టర్ ఉన్న ఇనప పెట్టెలో పెట్టి తలుపు మూసేసరికి ఏమీ రావట్లేదు, దూరం 200 మీటర్లు కూడా ఉండదు. వెయ్యి మీటర్లు వస్తుందని రాశారు కదా. ఇంకా ఎక్కువ పవర్ ఉన్న మాడ్యూల్ కొనమంటారా? యాంటెన్నా వాటితో వచ్చిన చిన్న స్ప్రింగే.

రేడియో_రంగడు: కొనకండి. పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత), అడ్డేమీ లేని చోట కూడా దూరం ఒకటిన్నర రెట్లు కూడా కాదు. మీ సమస్య పెట్టె. నాలుగు వైపులా ఇనప రేకు ఉంటే తరంగం బయటికి రాదు, వచ్చినా సందుల్లోంచి కాస్త.

తర్వాత ఆ స్ప్రింగ్. ఈ మాడ్యూళ్లు వాడే 433 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు 69 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 17. అంత తీగను చోటు కలిసొస్తుందని చుట్ట చుట్టి ఇస్తారు, చుట్టేకొద్దీ బయటికి పంపే శక్తి తగ్గుతుంది, పక్కన చెయ్యో లోహమో వచ్చినా ట్యూనింగ్ తప్పిపోతుంది. దాని బదులు సుమారు 16.5 సెంటీమీటర్ల ఒంటి రాగి తీగను (అసలు లెక్క కంటే కొంచెం తక్కువే పెట్టాలి) నిటారుగా టంకం వేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పావు తరంగం తీగ సగం యాంటెన్నా మాత్రమే, మిగతా సగం గ్రౌండ్ (బోర్డు మైనస్ వైపు). వేలెడంత బోర్డులో ఆ గ్రౌండ్ సరిపోదు, అందుకే అదే పొడవున్న నాలుగు తీగలు గ్రౌండ్‌కి కలిపి కిందికి ఏటవాలుగా వంచండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంటి దగ్గర తీగ కూడా నిటారుగానే ఉండాలి, ఒకటి నిలువు, ఇంకోటి అడ్డం అయితే సిగ్నల్ బాగా పడిపోతుంది.

చిప్_చందు: రంగడు అన్న చెప్పింది నిజం. నాదొక మాట, యాంటెన్నా ఒక్కదాన్నే బయట పెట్టి సన్నని కేబుల్‌తో లోపలికి లాగొద్దు, పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ కేబుల్‌లోనే తగ్గిపోతుంది. మాడ్యూల్‌నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బయట కట్టండి, రిలే (స్టార్టర్‌ని నడిపే విద్యుత్ స్విచ్) తీగలు మాత్రం పెట్టెలోకి పోనివ్వండి. మీకు వెళ్లేది ఆన్, ఆఫ్ మాటే కాబట్టి రెండు మాడ్యూళ్లలోనూ బాడ్ రేటు (డేటా పంపే వేగం) 9600 నుంచి 2400కి దించండి, రిసీవర్ 5 డీబీ ఎక్కువ బలహీనమైన సిగ్నల్ కూడా పట్టుకుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

తోట_మోటారు: పెట్టె ఇనప గొట్టానికి బిగించి ఉంది. ప్లాస్టిక్ డబ్బా ఆ గొట్టం పక్కనే కట్టొచ్చా?

రేడియో_రంగడు: పక్కన వద్దు, తీగకి సమాంతరంగా గొట్టం ఉంటే అది కూడా యాంటెన్నాలో భాగమైపోయి ఆ వైపు సిగ్నల్ తగ్గిపోవచ్చు. గొట్టం చివరన ఒక కర్ర కట్టి డబ్బా దానిమీద పెట్టండి, తీగ గొట్టం కంటే పైకి ఉండాలి. చెట్ల ఆకుల కంటే ఎత్తులో ఉంటే ఇంకా మంచిది, వాన పడి ఆకులు తడిసినప్పుడు కూడా పనిచేయాలి కదా.