పోలీస్ శాఖ పాలసీ మాన్యువల్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక నగర పోలీస్ శాఖలో సివిలియన్ ఉద్యోగం చేస్తున్నాను. పాలసీ మాన్యువల్ (ఆఫీసర్లు పాటించాల్సిన నియమాల పుస్తకం) చూసుకునే బాధ్యత ఈమధ్యే నాకు అప్పగించారు.

అరెస్టు తర్వాత సోదా గురించిన పేజీలో, నిందితుడి దగ్గర దొరికినవన్నీ తనిఖీ చేయొచ్చని మాత్రమే ఉంది. ఫోన్ ప్రస్తావనే లేదు. అరెస్టయిన మనిషి ఫోన్‌లోని సమాచారం చూడాలంటే సాధారణంగా వారెంట్ ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో తేల్చేసింది. ఈ పేజీని నమ్మి ఒక ఆఫీసర్ ఫోన్ తెరిస్తే సాక్ష్యం కోర్టులో నిలవకపోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఒక మనిషి హక్కుకు భంగం కలుగుతుంది. అందుకే నాకింత టెన్షన్.

పేజీ తిరగరాయడం పెద్ద పని కాదు. కానీ అది అమల్లోకి రావాలంటే లాయర్ చూడాలి, యూనియన్‌తో మాట్లాడాలి, చీఫ్ సంతకం పెట్టాలి. ఈలోగా ట్రైనింగ్ పాఠం, రిపోర్ట్ ఫారం పాతవే నడుస్తుంటాయి. కొన్ని పెట్రోల్ కార్లలో పాత ప్రింట్లు ఇంకా ఉన్నాయి.

ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. తీర్పు రాగానే తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, మాన్యువల్ తర్వాత మార్చడం మంచిదేనా? ఏటా మొత్తం చూడాలా, లేక బలప్రయోగం, సోదా, వాహనాలను వెంబడించడం లాంటివి తరచుగా చూసుకుంటూ మిగతావి నిదానంగా చూడొచ్చా? చదివామని ఆఫీసర్లతో సంతకం పెట్టించుకుంటున్నాం గానీ, వాళ్లకు అర్థమైందో లేదో మీరెలా తెలుసుకుంటున్నారు?