సైన్ సూత్రాలతో గీసిన పిట్ట ప్రింటులో నల్లముద్ద అవుతోంది, ఏం చేయాలి?

గజపతి_లెక్కలు (పర్లాకిమిడి):
మా బడి గణిత ప్రదర్శనకి ఇరాన్ కళాకారుడు హమీద్ నాదేరీ యెగానే పద్ధతిలో ఒక పిట్ట కావాలి. సైన్, కొసైన్‌లతో రెండు బిందువుల్ని నడిపించి, అడుగడుక్కీ వాటిని ఒక గీతతో కలపడమే పద్ధతి. నేను వాడినది ఇది:

టి = 360° × ఐ ÷ 1000 (ఐ = 1 నుంచి 1000)
మొదటి కొస: ఎక్స్ = 1.5 × (సైన్ టి)⁵, వై = 0.3 × (కాస్ 3టి)²
రెండో కొస: ఎక్స్ = 0.2 × సైన్ 3టి, వై = −0.6 × (కాస్ టి)²

కోడ్ పైథాన్‌లో, బొమ్మ గీసింది దాని మాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీతో. తెర మీద బాగుంది. ఏ3 ప్రింటు తీయిస్తే ఒళ్లంతా నల్లగా అతుక్కుపోయింది. ఇంకోటి: సైన్ 3టి బదులు సైన్ (2టి + 35°) పెడితే రెక్కలు వంకరయ్యాయి. సైన్ (3టి + 35°) పెడితే మాత్రం కాలేదు. ఎందుకు?

వంశధార:
ముందు ప్రింటు సంగతి. మాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా గీసే గీత మందం 1.5 పాయింట్లు. పాయింటంటే అంగుళంలో 72వ వంతు కాబట్టి 0.53 మిల్లీమీటర్లు. బొమ్మ వెడల్పు కూడా మీరు మార్చకపోతే 6.4 అంగుళాలే. దాన్ని షాపువాడు ఏ3కి, అంటే 16.5 అంగుళాలకి సాగదీస్తే గీత కూడా సాగి 1.3 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇక ముద్ద కాక ఏమవుతుంది!

ఫిగ్‌సైజ్ (బొమ్మ కొలత, అంగుళాల్లో) మొదట్లోనే 16.5, 11.7 ఇవ్వండి. లైన్‌విడ్త్ (గీత మందం, పాయింట్లలో) 0.25 పెట్టండి. అది 0.09 మిల్లీమీటర్లు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) ప్రింటర్లో సుమారు ఒక చుక్క. అంతకన్నా సన్నం చేస్తే గీతలు అక్కడక్కడా మాయమవుతాయి. ఆల్ఫాతో (పారదర్శకత పెంచి) లేత చేయాలని చూడొద్దు, లేజర్ ప్రింటరు బూడిదరంగుని చుక్కలుగా విడగొడుతుంది, సన్నగీత తెగిపోయినట్టు కనిపిస్తుంది. నిండు నలుపే ఉంచండి. పీడీఎఫ్‌గా సేవ్ చేసి వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా కాదు. ఫ్లెక్స్ మీద ఈ పని వద్దే వద్దు.

మీరుండేది ఒడిశాలో కాబట్టి ఒడియా శీర్షిక కూడా పెట్టాలనుకుంటే, దాన్ని కోడ్‌లోనే రాయిస్తే గుణింతాలు, ఒత్తులు చెదిరిపోవచ్చు. బొమ్మ వరకు పీడీఎఫ్ తీసి, అక్షరాలు లిబ్రేఆఫీసులో వేసుకోండి.

గుణుపురం_త్రికోణమితి:
గీత సన్నబడితే సగం తీరుతుంది. మిగతా సగం సూత్రంలోనే ఉంది.

టి బదులు 180° − టి పెట్టి చూడండి, మీ నాలుగు విలువలూ మారవు. అంటే ఒకే గీత రెండుసార్లు పడుతోంది. 1000 గీతల్లో వేరువేరువి 501 మాత్రమే. 1000ని 1001 చేస్తే ఈ జతలు కలవవు, అన్నీ వేరు గీతలవుతాయి. లేదా మీరన్న సైన్ (3టి + 35°) ఉంచినా జతలు విడిపోతాయి.

పొట్ట దగ్గర గుంపు మాత్రం ఘాతం వల్ల. సైన్ చిన్నదిగా ఉన్నంతసేపూ దాని ఐదో ఘాతం సున్నాకే అంటుకుని ఉంటుంది. ఏ3 మీద బొమ్మ వెడల్పు 39 సెంటీమీటర్లనుకుంటే, దాదాపు 40 శాతం గీతల మొదటి కొసలు మధ్యలో 26 మిల్లీమీటర్ల పట్టీలోనే పడతాయి. ఘాతం 3 చేస్తే అది 27 శాతానికి దిగుతుంది, కాకపోతే రెక్క కొస మొద్దుబారుతుంది. నాకైతే 5 ఉంచి గీతలు 251కి తగ్గించడమే నచ్చుతుంది. సరిసంఖ్య ఘాతం పెట్టకండి, రెండు రెక్కలూ కుడివైపే మొలుస్తాయి. 2.5 లాంటిది పెడితే నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) సైన్ రుణాత్మకమైన చోటల్లా విలువ లేదంటుంది, సగం పిట్ట కనిపించదు.

వంకర విషయం: టికి 180° కలపండి. సైన్ టి గుర్తు మారుతుంది, సైన్ (3టి + 35°) గుర్తు కూడా మారుతుంది, వైలు వర్గాలు గనక కదలవు. ఎడమరెక్క కుడిరెక్కకి అద్దం అయింది. సైన్ (2టి + 35°) మాత్రం 180° కలిపినా గుర్తు మార్చదు. కాబట్టి ఎక్స్‌లో బేసి గుణకాలుంటే ఏ కోణం కలిపినా పర్వాలేదు, సరిసంఖ్య గుణకానికి మాత్రం కోణం కలపకూడదు. పిట్ట పక్కకి వాలినట్టు కావాలంటే ఈ వంకరే పనికొస్తుంది, పారేయకండి. కోణాన్ని 5° చొప్పున మారుస్తూ ఒకే కాగితం మీద 24 చిన్న పిట్టలు వేసి, నచ్చినది ఏరుకోండి.

గజపతి_లెక్కలు:
జతల సంగతి అస్సలు తట్టలేదు, మాష్టారూ. ఆరో తరగతి పిల్లలు చేత్తో చేసేది ఏమైనా ఉందా?

వంశధార:
దారం బొమ్మ. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద 25 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అదే వ్యాసార్ధంతో చుట్టూ ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 20గా పంచితే 120 గుర్తులొస్తాయి, మధ్య దూరం సుమారు 13 మిల్లీమీటర్లు. అంగుళం మేకులు సగానికి కొంచెం తక్కువే దిగ్గొట్టండి, లేకపోతే మొన అవతలికి పొడుచుకొస్తుంది. 1ని 2కి, 2ని 4కి, 3ని 6కి కలపాలి, 120 దాటితే 120 తీసేయాలి. మధ్యలో హృదయాకారం తేలుతుంది. 3తో గుణిస్తే రెండు నొక్కులున్న ఆకారం వస్తుంది.

దారం ప్రతిసారీ తెంపక్కర్లేదు, అంచు వెంబడి తర్వాతి గీత కొస ఉన్న మేకుకి నడిపి వెనక్కి తిప్పితే సరి. మొత్తం 41 మీటర్ల దాకా పడుతుంది, 50 మీటర్లు దగ్గర పెట్టుకోండి. తల లేని మేకులైతే దారం పైకి జారిపోతుంది, తలకాయ ఉన్నవే అడగండి.