ఇంట్లో చేసిన రంపం ఎడమకి లాగేస్తోంది, ఎవరైనా చెప్పండి

అందరికీ నమస్కారం. మా తాతగారి దగ్గర ఉండేది చూడండి, చెక్క ఫ్రేము, పైన తాడు, మధ్యలో పుల్ల పెట్టి మెలితిప్పితే బ్లేడు బిగుసుకునే రంపం, అలాంటిది నేనే చేద్దామని కూర్చున్నా. పక్క ఊరి సామిల్లులో తెగిపోయిన బ్యాండ్‌సా బ్లేడు ముక్క ఇచ్చారు, పాత పళ్ళు గ్రైండర్‌తో కొట్టేసి మూడు పలకల ఆకురాయితో ఇంచికి 6 చొప్పున కొత్తవి తీశా, రెండు ఆదివారాలు పోయాయి, బొటనవేలు కూడా కొంచెం పోయింది అనుకోండి. ఫ్రేము తుమ్మతో చేశా, అది బానే వచ్చింది.

సమస్య ఏంటంటే టేకు చెక్క నిలువుగా కోస్తుంటే రెండు ఇంచులు బాగా దిగి తర్వాత పట్టేస్తోంది, పైగా గీత వదిలేసి ఎడమకి పోతోంది. పళ్ళు ఒకటి అటు ఒకటి ఇటు కటింగ్ ప్లయర్‌తోనే వంచా, అన్నీ ఒకేలా వంగినట్టు లేవు, కుడివైపువి చూపుడువేలికి అసలు తగలట్లేదు. ఎడమ పక్క పళ్ళని నూనెరాయితో ఒకసారి మెల్లగా రాస్తే సరిపోతుందా, లేక మొత్తం మళ్ళీ వంచాలా? వంపు బ్లేడు మందంలో ఎంత ఉండాలి? తాడు ఇంకా మెలితిప్పాలంటే ఫ్రేము విరుగుతుందేమోనని భయం. అడ్డంగా కోయడానికి పళ్ళు ఏటవాలుగా రాయాలంటారు కదా, దానికి వేరే బ్లేడు చేసుకోవాల్సిందేనా?