కట్టు విప్పకుండానే మమ్మీ లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

నాంపల్లివాసి:
మొన్న ఆదివారం మా అబ్బాయిని పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాను. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టు నుంచి తెచ్చిన, 1930లో ఏడవ నిజాం ఆ ప్రదర్శనశాలకు ఇచ్చిన మమ్మీ (పాడవకుండా ఆరబెట్టి గుడ్డ చుట్టిన పురాతన దేహం) ముందు వాడు చాలాసేపు నిలబడి, "నాన్నా, గుడ్డ విప్పకుండా లోపలి సంగతులు ఎలా తెలుసుకుంటారు?" అని అడిగాడు. ఎక్స్‌రే తీస్తారని చెప్పి తప్పించుకున్నాను గాని, సందేహం నాకే మిగిలింది. ఎక్స్‌రే ఉండగా సీటీ స్కాన్ ఎందుకు? మెత్తటి భాగాలను బాగా చూపే ఎమ్మారైని మమ్మీలకు ఎందుకు పెద్దగా వాడరు?

స్కాన్ గది ఉద్యోగి:
మీరు చెప్పింది అబద్ధమేమీ కాదండి. జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జన్ 1895లో ఆ కిరణాలను కనుగొన్న మరుసటి ఏడాదే జర్మనీలో ఒక పిల్లవాడి మమ్మీకి, ఒక పిల్లి మమ్మీకి ఎక్స్‌రే తీశారు. అయితే ఎక్స్‌రేలో ముందున్నదీ వెనకున్నదీ ఒకే నీడగా కలిసిపోతాయి కనుక, మమ్మీతో పాటు ఉంచిన తాయెత్తు, గుడ్డ మడతలో ఉందో పక్కటెముకల లోపల ఉందో ఒక్క చిత్రం చూసి చెప్పడం కష్టం. సీటీ యంత్రం దేహాన్ని పలుచని పొరలుగా చూపుతూ, ప్రతి బిందువుకూ సాంద్రతను బట్టి ఒక అంకె ఇస్తుంది: గాలికి మైనస్ 1000, నీటికి 0, ఎముకకు వందల్లో, లోహానికి ఇంకా ఎక్కువ. ఆ అంకెల ఆధారంగా గుడ్డను తెరమీదనే తొలగించి చూడవచ్చు. ఊపిరి బిగబట్టమని బతిమాలే పని కూడా మాకు ఉండదు.

ఎమ్మారై ప్రధానంగా నీటిలోని హైడ్రోజన్ మీద ఆధారపడుతుంది. నాట్రాన్ అనే ఉప్పులో దాదాపు 40 రోజులు ఆరబెట్టి వడియంలా చేసిన దేహంలో ఇక నీరెక్కడిది? ప్రత్యేక పద్ధతులతో కొందరు ప్రయత్నించారు గాని, మామూలు పద్ధతిలో దాదాపు ఏమీ కనిపించదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది పుర్రె లోపలి దృశ్యం. మెదడును ముక్కు గుండా తీసేసి, కరిగించిన రెజిన్ (చెట్ల జిగురు) పోసేవారు. దేహం వెల్లకిలా ఉన్నందువల్ల అది తల వెనుక చేరి, గిన్నెలో పేరుకున్న నెయ్యిలా పైభాగం చదునుగా గడ్డకడుతుంది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ పుర్రెలో అలాంటి మట్టాలు రెండున్నాయి: ఒకటి తల వెనుక, మరొకటి మాడు దగ్గర. అంటే ఒకసారి తలను వెనక్కి వేలాడదీసి పోశారన్నమాట.

చరిత్ర అధ్యాపకురాలు:
అదే పుర్రె విషయంలో చిత్రాన్ని చదవడంలో పొరపాటు కూడా జరిగింది. 1968 నాటి ఎక్స్‌రేలో లోపల ఎముక ముక్క కనిపించగానే, తలపై కొట్టి చంపారన్న ఊహ బయలుదేరి దశాబ్దాల పాటు ప్రచారంలో ఉంది. 2005లో సీటీ తీసి సుమారు 1700 చిత్రాలు పరిశీలించినప్పుడు, పుర్రెలోని ఎముక ముక్కలు రెజిన్‌లో అతుక్కోకుండా విడిగా ఉన్నాయని తేలింది. బతికుండగా విరిగినవైతే రెజిన్‌లో చిక్కుకుని ఉండేవి. ఎడమ తొడ ఎముక విరిగిన గుర్తు కనిపించింది గాని, మరణానికి అదే కారణమా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. మరో ఈజిప్టు రాజు మూడవ రామ్‌సెస్ విషయం వేరు. ఆయనపై జరిగిన అంతఃపుర కుట్ర విచారణ పపైరస్‌లో (ఆనాటి రెల్లు కాగితంలో) ముందే నమోదై ఉంది. 2012లో వెలువడిన స్కాన్ ఫలితాల్లో గొంతుపై వెన్నెముక దాకా దిగిన కోత బయటపడింది. పత్రం, చిత్రం కలిసినప్పుడే నేను ధైర్యంగా నమ్ముతాను.

నాంపల్లివాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నెయ్యి గిన్నెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి పేరుకోనిచ్చి మావాడికి రెండు మట్టాలూ చూపించాను. గిన్నె కడగడం మాత్రం నా వంతైంది.